అమానతు సొమ్ము, అదృశ్య చోరుడు: పెట్టుబడి సంస్థలకు సైబర్ బీమా

అమానతు అనే మాటకు ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకటే అర్థం. ఒకరు నమ్మి మరొకరి వద్ద ఉంచిన సొమ్ము అమానతు. సొమ్ముగలవాడు అడిగిననాడు దానిని చెక్కు చెదరకుండా అప్పగించవలసిన బాధ్యత ఉంచుకొన్నవానిది. మ్యూచువల్ ఫండు, స్టాక్ బ్రోకరు, డిపాజిటరీ మొదలైన సంస్థలు ఈ కాలపు అమానతుదారులు. అయితే వీరి విషయంలో ఒక భేదం ఉన్నది. వాటాల ధరలు పడిపోయి మదుపరి సొమ్ము తరిగిపోతే అందుకు సంస్థను తప్పు పట్టలేము. ఆ నష్టభయం తెలిసే అతడు డబ్బు పెట్టినాడు. కాని ఆ సొమ్మును మూడవవాడెవడో తరలించుకొని పోతే మదుపరి వచ్చి నిలదీసేది సంస్థనే.

వెనుకటి సాహుకారు ఇనుపపెట్టెకు తాళం వేసి తాళపు చెవిని మొలకు కట్టుకొనేవాడు. ఇప్పటి పెట్టుబడి సంస్థ వద్ద నోట్ల కట్టలు లేవు, కాగితపు వాటా పత్రాలు కూడ దాదాపుగా లేవు. ఎవరికి ఎంత చెందుతుందో తెలిపే పద్దు మాత్రం కంప్యూటరులో ఉన్నది. ఆ పద్దును మార్చగలిగినవాడు, లేదా మార్చే అధికారం గల ఉద్యోగిని నమ్మించగలిగినవాడు, సొమ్మును ఎత్తుకొని పోగలడు. ఈ ప్రమాదానికి బీమా చేయవచ్చునా, చేస్తే అది ఎంతవరకు ఆదుకొంటుంది అనేది ఈ వ్యాసంలోని విషయం. వాణిజ్యశాస్త్రం చదువుతున్న మన విద్యార్థులలో పలువురు రేపు ఇటువంటి సంస్థలలోనే గుమాస్తాలుగా, గణకులుగా, అధికారులుగా చేరబోతున్నారు గనుక ఇది వారికి పరీక్షకు మించిన విషయం.

అమెరికాలో జరిగిన ఒక సంఘటనను ముందుగా చెబుతాను. టిల్లేజ్ కమోడిటీస్ ఫండ్ అనే పెట్టుబడి నిధి తన లెక్కలు వ్రాయడం, చెల్లింపులు జరపడం వంటి పనులను ఎస్‌ఎస్ అండ్ సి అనే పెద్ద సంస్థకు అప్పగించినది. 2016 మార్చిలో ఈ సంస్థ ఉద్యోగులకు, ఫండు అధికారులే పంపినట్లు కనిపించే కొన్ని ఈ-మెయిళ్ళు వచ్చినవి. హాంకాంగ్‌లోని ఖాతాలకు డబ్బు పంపవలసినదని వాటి సారాంశం. ఉద్యోగులు పంపినారు, ఒకసారితో ఆగక పలుమార్లు పంపినారు. మొత్తం 59 లక్షల డాలర్లు పోయిన తరువాత గాని మోసం బయటపడలేదు. ఆ ఈ-మెయిళ్ళు వచ్చిన చిరునామాలో టిల్లేజ్ అనే పేరుకు ఇంగ్లీషులో రెండు 'ఎల్' అక్షరాలు ఉండవలసిన చోట మూడు ఉన్నవి.

అంతకు ఒక నెల ముందు, 2016 ఫిబ్రవరిలో, బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులో గల ఖాతా నుండి సుమారు 95 కోట్ల డాలర్లను దొంగలు తరలించబోయినారు. అందులో 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరి చాలవరకు మాయమైనవి. శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్లు మాత్రం చిక్కినవి. ఇంగ్లీషులో 'ఫౌండేషన్' అనే మాటను దొంగలు తప్పుగా వ్రాసినారు, ఆ తప్పు దారిలోని ఒక బ్యాంకువారి కంట పడినది. ఒకచోట అక్షరదోషాన్ని గమనించినవారు ఉన్నారు, మరొకచోట లేరు. మనిషి చూపులోని ఈ తేడాకు వెల కట్టి ప్రీమియం నిర్ణయించడం బీమా కంపెనీకి ఎంత కష్టమో పాఠకులు ఊహించుకోవచ్చును.

నష్టభయ నిర్వహణకు మన పాఠ్యపుస్తకాలు నాలుగు మార్గాలు చెబుతాయి. నష్టభయాన్ని తప్పించుకోవడం, తగ్గించుకోవడం, ఇతరులకు బదిలీ చేయడం, మిగిలినదానిని స్వయంగా భరించడం. మొదటి మార్గం పెట్టుబడి సంస్థకు మూసుకొనిపోయినది; కంప్యూటరు లేకుండ నేడు ఒక్క వాటాను కూడ కొనలేరు, అమ్మలేరు. బీమా మూడవ మార్గం. రెండవ మార్గంలో నడువవలసినంత దూరం నడువకుండ మూడవదానిలోనికి దూకేవారు చాలమంది. వారికి కలిగే ఆశాభంగమే ఈ వ్యాసంలో అధిక భాగం.

బీమా అనేది మూలంలో పదిమంది పంచుకొనే కష్టం. వెయ్యిమంది గిడ్డంగుల యజమానులు తలా కొంత చెల్లిస్తారు. ఆ సంవత్సరం ఏ ఇద్దరి గిడ్డంగులో కాలిపోతాయి. అందరి సొమ్ముతో ఆ ఇద్దరూ నిలబడతారు. ఈ లెక్క సరిపోవడానికి ఒక నియమం ఉన్నది. నష్టాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండ సంభవించవలెను. వరంగల్ మిర్చి యార్డులో నిప్పు అంటుకొంటే గుంటూరు యార్డుకు దాని సెగ తగలదు. సైబర్ ప్రమాదం ఈ నియమాన్ని పాటించదు. లోకంలో లక్షల సంస్థలు ఒకే సాఫ్ట్‌వేరును వాడుతున్నవి. అందులో ఒక లోపం ఉంటే అన్ని గిడ్డంగులకూ ఒకే రాత్రి నిప్పు అంటుకొన్నట్లే.

పెట్టుబడి రంగం నుండే దీనికి ఉదాహరణ ఉన్నది. 2023 జనవరి 31న అయాన్ క్లియర్డ్ డెరివేటివ్స్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినది. కంప్యూటరులోని సమాచారానికి తాళం వేసి, తీయడానికి సొమ్ము కోరే దుష్ట ప్రోగ్రామును రాన్సమ్‌వేర్ అంటారు. అయాన్ మదుపరుల డబ్బు ఉంచుకొనేది కాదు. ఫ్యూచర్స్ వ్యాపారం చేసే బ్రోకర్లకు లెక్కలు సరిచూసే సాఫ్ట్‌వేరును అందించేది. దాని ఖాతాదారులలో 42 మందికి ఈ దాడి సెగ తగిలినది. యూరప్, అమెరికాలలోని బ్రోకర్లు కొన్ని రోజులపాటు లావాదేవీలను చేతితో నమోదు చేసుకొనవలసి వచ్చినది. అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ వారం వారం వెలువరించే గణాంకాలు కూడ ఆలస్యమైనవి. ఆ బ్రోకర్ల కంప్యూటర్లను ఎవ్వరూ ముట్టలేదు. వారు తమ ఇంటికి ఎన్ని తాళాలు వేసుకొన్నా, పొరుగింటి తాళమే వారి పని ఆపినది. తరువాత 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక దోషభూయిష్టమైన సవరణ వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు స్తంభించినవి. అందులో దొంగ లేడు, దాడి లేదు. రక్షకుడు చేసిన పొరపాటు మాత్రమే ఉన్నది. తన పాలసీ 'దాడి' వలన కలిగిన నష్టానికే వర్తిస్తుందా, 'వ్యవస్థ వైఫల్యా'నికి కూడ వర్తిస్తుందా అని ప్రతి పాలసీదారు ఆ రోజు వెదకి చూచుకొనవలసి వచ్చినది.

బీమా మాట వచ్చినప్పుడు మన కళాశాల వంటి చోట ఒక ప్రశ్న తప్పక తలెత్తుతుంది గనుక దానిని దాటవేయడం న్యాయం కాదు. బీమా షరీఅత్‌కు సమ్మతమా? 1985లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, నిశ్చిత ప్రీమియం గల వాణిజ్య బీమా సమ్మతం కాదనీ, పరస్పర సహకారం మీద ఆధారపడిన బీమా సమ్మతమేననీ తీర్మానించినది. మలేషియా 1984లోనే తకాఫుల్ పేరిట అటువంటి బీమాకు ప్రత్యేక చట్టం చేసినది. అభ్యంతరాలలో ప్రధానమైనది ఘరర్, అనగా ఒప్పందంలోని అనిశ్చితి. ఆ ధర్మచర్చలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కాని ఏమి కొన్నామో తెలియకుండ కొన్న సైబర్ పాలసీలో ఎంత అనిశ్చితి ఉంటుందో మాత్రం ఈ క్రింది వివరాల వలన తెలుస్తుంది.

సైబర్ పాలసీలు అమెరికాలో 1990 దశాబ్దం చివరి సంవత్సరాలలో మొదలైనవి. ఇవి సాధారణంగా రెండు భాగాలుగా ఉంటాయి. సంస్థకు నేరుగా కలిగే నష్టం ఒకటి. ఇతరులకు సంస్థ చెల్లించవలసి వచ్చే నష్టపరిహారం రెండవది. మొదటి భాగంలో దాడి ఎట్లు జరిగినదో శోధించే నిపుణుల ఫీజు, పోయిన సమాచారాన్ని పునరుద్ధరించే ఖర్చు, ఖాతాదారులకు తెలియజేసే ఖర్చు, వ్యాపారం ఆగిపోయిన రోజులలో పోయిన ఆదాయం చేరుతాయి. వ్యాపారం ఆగిన మొదటి కొన్ని గంటలకు మాత్రం పరిహారం ఉండదు. ఆ గంటలు ఎన్ని అనేది పాలసీలో వ్రాసి ఉంటుంది. రోజంతా వ్యాపారం చేసే కర్మాగారానికి 12 గంటలు పెద్ద లెక్క కాకపోవచ్చును గాని, ఉదయం 9 గంటల 15 నిమిషాలకు తెరచి మధ్యాహ్నం మూడున్నరకు మూసే మన స్టాక్ మార్కెటులో పనిచేసే బ్రోకరుకు 12 గంటల నిరీక్షణ అంటే ఒక పూర్తి వ్యాపారదినం చేజారినట్లే. ఈ చిన్న విషయాన్ని పాలసీ అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.

రెండవ భాగంలో ఖాతాదారులు వేసే దావాలు, వాటికి న్యాయవాదుల ఖర్చు, నియంత్రణ సంస్థల విచారణల ఖర్చు చేరుతాయి. విచారణ ఎంత దూరం పోగలదో తెలియడానికి ఒక చిన్న సంస్థ కథ చాలు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఆర్.టి. జోన్స్ అనే పెట్టుబడి సలహా సంస్థ ఉన్నది. 2013లో దాని వెబ్ సర్వరులోనికి చొరబాటు జరిగి సుమారు లక్షమంది వ్యక్తిగత వివరాలు బట్టబయలైనవి. ఏ ఖాతాదారుకూ ధననష్టం కలిగినట్లు వెల్లడి కాలేదు. అయినను, సమాచార రక్షణకు ముందుగా లిఖిత నిబంధనలు ఏర్పరచుకొనలేదన్న కారణంతో ఆ దేశపు సెక్యూరిటీస్ కమిషన్ 2015లో 75,000 డాలర్ల జరిమానా విధించినది. దొంగతనం జరిగినందుకు కాక, తలుపుకు గడియ లేనందుకు పడిన శిక్ష అది. జరిమానాలకు బీమా చెల్లుతుందా అనేది వేరొక చిక్కు. 'చట్టం అనుమతించినంత మేరకు' అని పాలసీలలో వ్రాసి ఉంటుంది. శిక్షగా విధించిన సొమ్మును బీమా కంపెనీ చేత కట్టించడం ప్రజాహితానికి విరుద్ధమనే వాదం న్యాయశాస్త్రంలో బలంగా ఉన్నది గనుక, జరిమానాను పాలసీ భరిస్తుందని ఆశించి లెక్కలు వేసుకొనడం వివేకం కాదు.

ఇక పరిమితుల సంగతి. ఒక ఊహాజనితమైన లెక్క చూతాము. ఒక బ్రోకరు సంస్థ 10 కోట్ల రూపాయల సైబర్ పాలసీ తీసుకొన్నది. పాలసీ మొదటి పుటలో 10 కోట్లు అని పెద్ద అక్షరాలలో ఉన్నది. లోపలి పుటలలో, మోసపు ఆదేశాలను నమ్మి ఉద్యోగులు తామే డబ్బు పంపిన సందర్భంలో ఉప పరిమితి 50 లక్షలు అని ఉన్నది. ప్రతి నష్టంలో మొదటి 10 లక్షలు సంస్థే భరించవలెననే నిబంధన కూడ ఉన్నది. ఇప్పుడు టిల్లేజ్ కథ వంటిదే జరిగి 2 కోట్ల రూపాయలు పోయినవి. సంస్థ భరించే 10 లక్షలు పోగా మిగిలినది కోటి 90 లక్షలు. కాని చేతికి వచ్చేది ఉప పరిమితి మేరకు 50 లక్షలే. మిగిలిన కోటిన్నర సంస్థ మూలధనం నుండి పోవలసినదే. 10 కోట్ల పాలసీ ఉన్నదని నిశ్చింతగా నిద్రించిన యజమానికి ఈ సంగతి క్లెయిము వ్రాసిననాడు తెలుస్తుంది. కంప్యూటరు పగులగొట్టి దోచిన సొమ్ముకు ఒక లెక్క, మనిషిని నమ్మించి దోచిన సొమ్ముకు ఇంకొక లెక్క ఏమిటని అడగవచ్చును. రెండవది ఎక్కువ తరచుగా జరుగుతుంది, దానిని నివారించడం సంస్థ చేతిలోనే ఉన్నది అని బీమా కంపెనీల సమాధానం. అది పూర్తిగా అన్యాయమైన సమాధానమని నేను అనలేను.

మినహాయింపులలో మిక్కిలి వివాదాస్పదమైనది యుద్ధం. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేరు ద్వారా నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాము వ్యాపించి, ఆ దేశంతో పెద్దగా సంబంధం లేని అంతర్జాతీయ కంపెనీలను సైతం ధ్వంసం చేసినది. మెర్క్ అనే ఔషధ కంపెనీ తనకు 140 కోట్ల డాలర్ల నష్టం కలిగినదని బీమా కంపెనీలను కోరినది. ఇది రష్యా ప్రభుత్వం చేయించిన దాడి, కనుక యుద్ధచర్య, కనుక మినహాయింపు వర్తిస్తుందని అవి నిరాకరించినవి. న్యూజెర్సీ రాష్ట్ర న్యాయస్థానం మెర్క్ పక్షం వహించినది. 2023 మేలో అప్పీలు న్యాయస్థానం కూడ దానినే సమర్థించినది. ఫిరంగులు, సైన్యాలు గల యుద్ధాన్ని ఉద్దేశించి వ్రాసిన మాటలను ఒక లెక్కల సాఫ్ట్‌వేరు ద్వారా వచ్చిన విధ్వంసానికి సాగదీయరాదని ఆ తీర్పుల భావం. 2024 జనవరిలో ఇరుపక్షాలు రాజీపడినవి. ఈలోగా బీమా మార్కెటు తన పాఠం నేర్చుకొన్నది. లండన్‌లోని లాయిడ్స్ సంస్థ, రాజ్యాల ప్రోద్బలంతో జరిగే సైబర్ దాడుల గురించి స్పష్టమైన మినహాయింపు ఉండవలెనని 2022 ఆగస్టులో ఆదేశించి, 2023 మార్చి 31 నుండి మొదలయ్యే పాలసీలకు దానిని వర్తింపజేసినది. కనుక మెర్క్ గెలుపు పాత మాటల మీద వచ్చిన గెలుపు. నేడు పాలసీ కొనేవాడు కొత్త మాటలను చదువుకొనవలెను.

మళ్ళీ టిల్లేజ్ కథకు వస్తాను. దాని రెండవ అంకం మొదటిదానికంటె ఎక్కువ బోధిస్తుంది. సొమ్ము పోగొట్టుకొన్న ఫండు, ఎస్‌ఎస్ అండ్ సి మీద దావా వేసినది. ఈ సంస్థకు ఏఐజీ బీమా కంపెనీలో వృత్తిపరమైన బాధ్యత పాలసీ ఉన్నది. అంటే వృత్తిలో చేసిన పొరపాటు వలన ఇతరులకు నష్టం కలిగితే ఆదుకొనే పాలసీ. బీమా కంపెనీ న్యాయవాదుల ఖర్చు భరించినది గాని, ఫండుతో రాజీ చేసుకొనడానికి చెల్లించిన సొమ్మును ఇవ్వ నిరాకరించినది. మోసపూరితమైన, నేరపూరితమైన చర్యల నుండి ఉత్పన్నమైన నష్టానికి పాలసీలో మినహాయింపు ఉన్నది. ఇక్కడ మోసం జరిగినదనడంలో ఎవరికీ సందేహం లేదు కదా అని దాని వాదం. ఆ మోసం పాలసీదారు చేసినదై ఉండవలెనా, లోకంలో ఎవరు చేసినా సరిపోతుందా? పాలసీలో ఈ ప్రశ్నకు నిస్సందేహమైన జవాబు లేదు. 2020 జనవరిలో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం సంస్థ పక్షాన తీర్పు చెప్పినది. అస్పష్టమైన మాటను, దానిని వ్రాసినవారికి ప్రతికూలంగా అన్వయించడం బీమా న్యాయంలో పాత సంప్రదాయమే.

సొమ్ము పోయినది 2016లో, తీర్పు వచ్చినది 2020లో. అంతకాలం ఓపిక పట్టగల మూలధనం పెద్ద సంస్థకు ఉంటుంది. హైదరాబాదులోని కోఠిలోనో, విజయవాడలోని గవర్నరుపేటలోనో రెండు గదులలో వ్యాపారం చేసే సబ్-బ్రోకరుకు ఎక్కడిది? చిన్న సంస్థకు పాలసీలోని స్పష్టత, పాలసీ మొత్తం కంటె విలువైనదని నా అభిప్రాయం.

ఇట్టి చిక్కుకు మూలం ఏమనగా, పెట్టుబడి సంస్థలకు సాధారణంగా మూడు వేర్వేరు పాలసీలు ఉంటాయి. ఉద్యోగుల చోరత్వానికీ, సొమ్ము దొంగతనానికీ ఒకటి. వృత్తిపరమైన పొరపాట్లకు ఒకటి. సైబర్ ప్రమాదాలకు ఒకటి. ఈ-మెయిలు ద్వారా జరిగిన మోసంలో దొంగతనమూ ఉన్నది, పొరపాటూ ఉన్నది, కంప్యూటరూ ఉన్నది. మూడు పాలసీల వారూ ఇది పక్కవారిదని వేలు చూపడానికి వీలున్నది. పాలసీలు కొనేటప్పుడే మూడింటినీ ఒక బల్ల మీద పక్కపక్కన పరచి, ఇదిగో ఈ సంఘటన జరిగితే ఎవరు చెల్లిస్తారు అని ఏజెంటును వ్రాతపూర్వకంగా అడగడం నష్టభయ నిర్వహణలో భాగం. ఇందుకు పైసా ఖర్చు లేదు.

బీమా ఒప్పందానికి ప్రాణం పరమ విశ్వాస సూత్రం. నౌకా బీమా కాలం నుండి వస్తున్న ఈ సూత్రం మన 1963 నౌకా బీమా చట్టంలో కూడ చోటు చేసుకొన్నది. ఓడ ఎంత పాతదో యజమానికి తెలుసు, బీమా కంపెనీకి తెలియదు. కనుక తెలిసినవాడు నిజం చెప్పవలెను. సైబర్ పాలసీకి ప్రతిపాదన పత్రమే ఆ ఓడ వర్ణన. మీ కంప్యూటర్లలో ప్రవేశించడానికి సంకేతపదంతో పాటు రెండవ గుర్తింపు కూడ అడుగుతున్నారా? సమాచారపు నకళ్ళను వేరొక చోట భద్రపరుస్తున్నారా? ఉద్యోగం మానిన వారి ప్రవేశాధికారాన్ని ఎన్ని రోజులలో రద్దు చేస్తారు? ఈ ప్రశ్నలకు అన్నింటికీ 'అవును', 'అవును' అని వ్రాసి సంతకం పెట్టించుకొనే అలవాటు ఉన్నది. 2022లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే ఎలక్ట్రానిక్ పరికరాల సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినది. రెండవ గుర్తింపు పద్ధతి వాడుతున్నామని ప్రతిపాదన పత్రంలో చెప్పినది నిజం కాదని ట్రావెలర్స్ బీమా కంపెనీ న్యాయస్థానానికి వెళ్ళినది. కొద్ది వారాలలోనే ఆ సంస్థ పాలసీ రద్దుకు అంగీకరించినది. పాలసీ మొదటి నుండీ లేనట్లే అయినది. ఆ పత్రం నింపే పని ప్రతి కార్యాలయంలోనూ చివరకు ఏ చిన్న ఉద్యోగి బల్ల మీదికో చేరుతుంది. మన విద్యార్థులు ఆ బల్ల వద్ద కూర్చున్ననాడు, తెలియని ప్రశ్నకు 'అవును' అని వ్రాయవద్దని, కంప్యూటర్ల విభాగం వారిని అడిగి వ్రాయమని నా మనవి. పై అధికారి తొందరపెడతాడు, పెట్టనివ్వండి.

మన దేశానికి వస్తే, బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. పెట్టుబడి సంస్థలు మాత్రం ముంబాయిలోని సెబీ అధీనంలో ఉంటాయి. సెబీ 2018 డిసెంబరులో స్టాక్ బ్రోకర్లకు సైబర్ భద్రతా నిబంధనలు జారీ చేసినది. 2024 ఆగస్టులో తన అధీనంలోని సంస్థలకు ఒక సమగ్ర విధానాన్ని ప్రకటించి, పరిమాణాన్ని బట్టి వాటిని అయిదు తరగతులుగా విభజించినది. సైబర్ సంఘటనను గుర్తించిన 6 గంటలలోపల తెలియజేయవలెనని కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గరిష్ఠ జరిమానాను 250 కోట్ల రూపాయలుగా నిర్ణయించినది; దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి, అమలు దశలవారీగా జరుగుతుంది.

ఈ ప్రమాదం మనకు దూరమని అనుకొనడానికి వీలులేదు. 2022 నవంబరులో సి.డి.ఎస్.ఎల్. డిపాజిటరీ తన కొన్ని అంతర్గత కంప్యూటర్లలో హానికర ప్రోగ్రామును గుర్తించి వాటిని వేరుచేయవలసి వచ్చినది. ఆ రోజు వాటాల పరిష్కార కార్యక్రమం ఆలస్యమైనది. అదే సంవత్సరం జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల రూపాయలు దొంగలు తరలించినారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్ళే ద్వారమైనవని పోలీసు దర్యాప్తులో తేలినది. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా విధించినది. అది పెట్టుబడి సంస్థ కాదు గాని, ద్వారం మాత్రం హాంకాంగ్ కథలోని ద్వారమే.

అట్లయితే సంస్థ మొదట చేయవలసినది ఏమి? నన్నడిగితే, ప్రీమియానికి ఒక్క రూపాయి ఖర్చు చేయకముందే ఒక నియమం పెట్టుకొనవలెను. కొత్త ఖాతాకు డబ్బు పంపవలసినదని ఏ ఆదేశం వచ్చినా, ఆ ఆదేశంలో ఉన్న ఫోను నంబరుకు గాక, తమ వద్ద ముందునుండి ఉన్న నంబరుకు ఫోను చేసి ధ్రువపరచుకొనవలెను. ఫోను చేసినవారు ఒకరు, డబ్బు పంపేవారు వేరొకరు కావలెను. పలు పాలసీలలో ఈ నియమాన్ని పాటించడం క్లెయిముకు షరతుగా కూడ ఉంటుంది. పాటించనివానికి ఆ 50 లక్షల ఉప పరిమితి సొమ్ము కూడ రాదు. ఆ పైన నకళ్ళు, రెండవ గుర్తింపు, సాఫ్ట్‌వేరు అమ్మేవారితో ఒప్పందాల పరిశీలన. ఇవన్నీ అయిన తరువాత, మిక్కిలి చెడ్డ రోజు ఒకటి ఊహించుకొని, ఆ రోజు పోయే సొమ్ములో తమ మూలధనం భరించగలిగినది ఎంత, భరించలేనిది ఎంత అని లెక్క కట్టి, భరించలేని భాగానికి బీమా కొనవలెను. చిన్న నష్టాలకు బీమా కొనడం ప్రీమియం దండుగ.

చివరగా ఒక చిన్న సంగతి. రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు మొదటి గంటలోనే బీమా కంపెనీకి తెలియజేయవలెను; నిపుణులను, న్యాయవాదులను దాని అనుమతి లేకుండ నియమించుకొంటే ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చును. తెలియజేయవలసిన ఫోను నంబరు పాలసీలో ఉంటుంది. పాలసీ ఎక్కడ ఉంటుంది? తాళం పడిన ఆ కంప్యూటరులోనే. అంతేకాదు, లోపల చొరబడిన దొంగలు ముందుగా వెదికే కాగితాలలో బీమా పాలసీ ఒకటి; ఎంత మొత్తానికి బీమా ఉన్నదో తెలిస్తే ఎంత అడగవలెనో వారికి తెలుస్తుంది. అందుచేత అనుభవజ్ఞులైన నిర్వాహకులు పాలసీని కంప్యూటరులో ఉంచరు. కాగితం మీద అచ్చు వేయించి, ఫోను నంబర్ల జాబితాతో సహా, పాతకాలపు ఇనుపపెట్టెలో పెట్టి తాళం వేస్తారు.